విరిగితేనే విందు

క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా: మన దేశపు చీజ్‌లని ఎలా కొనాలి, ఏ మంట మీద పెట్టాలి, మన పచ్చళ్ల పక్కన ఎలా వడ్డించాలి

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే నగరాల్లో కేకు పెట్టెలకి తోడు ఇంకో పెట్టె కూడా ఇంటింటికీ తిరుగుతోంది. మూత తీస్తే వెన్న కాగితంలో చుట్టిన మూడు నాలుగు చీజ్ ముక్కలు, చిన్న తేనె సీసా, గుప్పెడు జీడిపప్పు, నాలుగు బిస్కట్లు. ఆఫీసు నుంచి కానుకగా వచ్చిన ఆ పెట్టెలో జీడిపప్పు ఆ సాయంత్రమే అయిపోతుంది. తేనె సీసా వంటింటి అలమరలోకి వెళుతుంది. చీజ్ మాత్రం ఫ్రిజ్‌లో ఓ మూల చేరి, భోగి ముందు ఇల్లు దులిపేటప్పుడు బయటపడుతుంది. అప్పటికి దాని మీద నూగు లేచి ఉంటుంది.

ఇందులో ఇంట్లోవాళ్ల తప్పేమీ లేదు. మన వంటిళ్లలో పాలు నడిచే దారి ఏనాడో ఖరారైపోయింది. కాచాలి, తోడు పెట్టాలి, చిలకాలి, వెన్న తీసి నెయ్యి కాచాలి. ఇంకా మిగిలితే కోవా. గృహప్రవేశం నాడు పాలు పొంగితే అందరి ముఖాలూ వెలుగుతాయి. అవే విరిగితే ఎవరి కంటా పడకముందే గిన్నె దించేస్తారు. జున్ను మనదే, కాదనను. కానీ అది గేదె ఈనిన నాలుగు రోజుల భాగ్యం. పైగా జున్నుపాలు వేడికి వాటంతట అవే గట్టిపడతాయి, ఎవరూ విరగ్గొట్టక్కర్లేదు. పాలని కావాలని విరిచి, నీరు పిండి, ఉప్పు పట్టించి నెలల తరబడి దాచుకునే పని తెలుగు పల్లె పెట్టుకోలేదు. ఆ అవసరమూ రాలేదు. మేత దొరకని చలికాలం కోసం పాలని దాచుకోవలసిన చోట చీజ్ పెరిగింది. మనకి ఏడాది పొడవునా పెరుగు తోడుకునే వెచ్చదనం ఉంది.

అయితే ఇదే దేశంలో కొండల మీదా, ఓడలు దిగిన రేవుల్లోనూ పాలు విరిచి తినడం ఎప్పటి నుంచో ఉంది. పదీ ఇరవై ఏళ్లుగా మన చుట్టుపక్కల నగరాల్లోనూ చేస్తున్నారు. వీటన్నిటినీ పిజ్జా మీద కరిగేదాని లెక్కన చూస్తే డబ్బు దండగ. ఒక్కోదానికి ఒక్కో మంట సరిపడుతుంది, కొన్నిటికి అసలు మంటే పనికిరాదు. అది తెలిస్తే పండగకి ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ నాలుకకి తెలుస్తుంది.

పనీర్ ఎందుకు కరగదు?

కూరలో ఎంతసేపు ఉడికినా పనీర్ ముక్క ముక్కలాగే ఉంటుంది. దోసె మీద తురిమిన చీజ్ మాత్రం క్షణంలో కరిగి పారుతుంది. రెండూ పాలే. తేడా అంతా విరిగిన తీరులో ఉంది.

బాగా కాగిన పాలలో నిమ్మరసం పిండితే పులుపు తగిలి కేసీన్ అనే మాంసకృత్తు ముద్ద కడుతుంది. అంత వేడిలో పాల నీటిలో ఉండే మిగతా మాంసకృత్తులు కూడా దానికే అతుక్కుంటాయి. ఆ పట్టు మళ్లీ వేడి తగిలినా సడలదు. పనీర్, బెంగాలీ మిఠాయిల్లోకి వెళ్లే ఛెనా ఇలాంటివి. రెండో దారిలో గోరువెచ్చని పాలలో రెన్నెట్ అనే ఎంజైము కలిపి, కదిలించకుండా గడ్డ కట్టనిస్తారు. చెడ్డార్, గౌడా ఈ తరహావి. పొయ్యి మీద మెత్తబడి కరుగుతాయి. మూడోది చేతి నేర్పు మీద ఆధారపడ్డ పని. గడ్డకట్టినదాన్ని పులియనిచ్చి, పులుపు సరిగ్గా ఒక మెట్టుకి, అంటే పీహెచ్ 5.2 చుట్టుపక్కలకి వచ్చాక వేడి మీద పిసికి సాగదీస్తారు. ఆ దశలో ముద్దలోంచి కాల్షియం కొంత వదిలిపోయి ఉంటుంది కాబట్టి తెగకుండా తీగలు తీగలుగా సాగుతుంది. ఇటలీ మొజరెల్లా పుట్టేది ఇలాగే.

ఇక పిల్లల డబ్బాల్లోకి వెళ్లే స్లైసులు ప్రాసెస్డ్ చీజ్. తయారైన చీజ్‌ని నలగ్గొట్టి, నీరూ కొవ్వూ విడిపోకుండా పట్టి ఉంచే కొన్ని లవణాలు కలిపి, మళ్లీ కరిగించి పోతపోసినవి. నాకు వాటి మీద కోపమేమీ లేదు. చీజ్ దోసెకి అంతకంటే మంచిది దొరకదు కూడా. పండగ పళ్లెంలో పెట్టి నలుగురికీ రుచి చూపించడానికి మాత్రం అందులో చూపించేదేమీ లేదు.

పెనం మీద కలారి

సాగదీసే విద్య ఇటలీ సొత్తనుకుంటే జమ్మూ వాళ్లు నవ్వుతారు. ఉధంపూర్, రామ్‌నగర్ కొండల్లో పశువులు మేపుకునే గుజ్జర్, బకర్వాల్ కుటుంబాల ఇళ్లలో తయారైనది కలారి. అక్కడివాళ్లు కొందరు కలాడీ అంటారు. వెన్న తీయని పాలని పుల్లటి పాలతో విరిచి, ఇనప పాత్రలో వేడి మీద కలియబెడుతూ సాగదీసి, అరచేతుల్లో బిళ్లలుగా అదిమి ఎండలో ఆరబెడతారు. పైన ఆరాలి, లోపల తేమ నిలవాలి. ఉధంపూర్ కలాడీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

దీన్ని కాల్చడంలోనే రుచంతా ఉంది. మందపాటి పెనం పెట్టండి. నూనె చుక్క వద్దు, నెయ్యి అసలే వద్దు. బిళ్ల వేసిన తొలి నిమిషంలో ఏమీ జరగదు. మంట తగ్గించి ఓపిక పట్టండి. అప్పుడు అంచుల చుట్టూ తన నెయ్యి తనే వదులుతుంది, ఆ నెయ్యిలోనే చిటపటమంటూ వేగుతుంది. అట్లకాడతో నొక్కితే నడుమ భాగం మెత్తగా కుంగి మళ్లీ లేస్తుంది. కింది పక్క ముదురు గోధుమ రంగు తేలి కరకరలాడేలా అయ్యాకే తిరగేయాలి. తొందరపడ్డామో, పొర పెనానికి అంటుకుని లోపలిదంతా కారిపోతుంది. రెండో పక్క కూడా కాలాక ఉప్పు, చిటికెడు కారం చల్లి దించేయడమే. జమ్మూ వీధుల్లో కుల్చా చీల్చి మధ్యలో పెట్టిస్తారు. మన దగ్గరైతే బన్నులో పెట్టి, పచ్చి ఉల్లి తరుగుతో పాటు కాస్త పండుమిర్చి పచ్చడి రాయండి. పచ్చడిలోని పులుపు ఆ కొవ్వుని కోసేస్తుంది.

ఒక్క షరతు. చల్లారితే కలారి రబ్బరులా సాగుతుంది, అప్పుడు ఎవరూ తినరు. కాబట్టి చుట్టాలు కూర్చున్నాకే పెనం ఎక్కించాలి, ఒక్కోటి వేసి వేడివేడిగా అందించాలి. అందరికీ దోసెలు వేసిపెట్టి తను చివర్న తినే ఇల్లాళ్లకి ఈ అవస్థ నేను చెప్పాలా? ఈసారి ఆ పెనం ముందు మగవాళ్లని నిలబెట్టండి. వంట రానివాళ్లకి కూడా వచ్చే వంట ఇది.

బండేల్: నానబెట్టి తినే చీజ్

కలకత్తా న్యూ మార్కెట్ 1874 నాటిది. క్రిస్మస్ ముందు అక్కడ కేకుల దుకాణాల ముందు బారులు తీరతారు. అదే మార్కెట్‌లో ఒకటి రెండు పాత కొట్లలో రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దవైన, గుండ్రటి చీజ్ బిళ్లలు అమ్ముతారు. తెల్లటివి మామూలువి, గోధుమ రంగువి పొగ పట్టించినవి. హుగ్లీ నది ఒడ్డున పోర్చుగీసువాళ్లు స్థిరపడిన బండేల్ పేరు వీటికి నిలిచిపోయింది. అక్కడి చర్చి 1599లో మొదలైంది. 1632లో షాజహాన్ సైన్యం పోర్చుగీసువాళ్లని అక్కణ్నుంచి తరిమేసింది. వాళ్లు పోయినా పాలు విరవడం బెంగాల్‌లో ఉండిపోయిందనీ, ఛెనా మిఠాయిల వెనుక వాళ్ల ప్రభావం ఉందనీ కె.టి. ఆచయ వంటి ఆహార చరిత్రకారుల వాదన. దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. రసగుల్లా మాదంటే మాదని బెంగాల్, ఒడిశా కొట్టుకున్న దేశంలో ఇలాంటి విషయం ఒక్క మాటతో తేలదు.

ఇప్పుడు బండేల్ చీజ్ చేసేది బండేల్‌లో కాదు. తారకేశ్వర్, బిష్ణుపూర్ పరిసరాల్లో కొద్ది కుటుంబాల చేతుల్లో ఆ పని మిగిలింది. దీన్ని కొని తెచ్చి నేరుగా కొరికితే ఉప్పు గల్లు నమిలినట్టే ఉంటుంది, ఇదేం చీజ్ అని పారేస్తారు. రాత్రి నీళ్లలో నానేయాలి. పొద్దున్నకి ఉప్పు దిగి, వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. ఇది కరిగే రకం కాదు, పైన చల్లుకునే రకం. టమాటా ముక్కలు, కీర, కాస్త మిరియాల పొడి మీద చల్లితే మంచి సలాడ్. పొగ పట్టిన రకాన్ని ఆమ్లెట్ మడిచే ముందు లోపల చల్లండి. నాకు అన్నిటికన్నా నచ్చింది పెసరట్టు మీద. అల్లం, పచ్చిమిర్చి, ఉల్లి తరుగు మామూలుగానే వేసి, అట్టు సగం కాలాక పైన చెంచాడు చల్లాలి. పిండిలో ఉప్పు మాత్రం సగానికి తగ్గించాలి.

తూర్పు కొండల సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. కాలింపాంగ్‌లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మిషనరీల చలవతో మొదలైన చీజ్ గట్టిగా, కాస్త పులుపుగా, పొరలుగా విరుగుతుంది. డార్జిలింగ్ వైపు వెళ్లినవాళ్లు ఓ ముక్క తెచ్చుకోవడం మరవద్దు. ఆ కొండల్లోదే మరో చీజ్ ఛుర్పీ, అది రెండు రకాలు. మెత్తనిది పచ్చళ్లలోకీ, కొండ ఆకుకూరల్లోకీ వెళుతుంది. గట్టిది బుగ్గన పెట్టుకుని గంటల తరబడి చప్పరించాల్సిందే. అరుణాచల్ జడల బర్రె పాల ఛుర్పీకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ గట్టి ఛుర్పీ విదేశాల్లో కుక్కలు కొరుక్కునే బిస్కట్టుగా మంచి ధర పలుకుతోంది. కొండల్లో మనుషులు తినేది అక్కడ పెంపుడు జంతువుల దుకాణంలో వేలాడుతోంది.

దక్షిణాది చేతినేర్పు

మనకి దగ్గర్లో, అంటే కొరియర్‌లో ఒకటి రెండు రోజుల్లో చేరేంత దూరంలో, నాలుగైదు మంచి చోట్లున్నాయి. బెంగళూరులో వల్లోంబ్రోసా అనే క్రైస్తవ శాఖ సన్యాసులు మఠంలో మొజరెల్లా, బొక్కొన్‌చీని, బురాటా చేస్తారు. వాళ్లలో ఒక ఫాదర్ ఇటలీలో నేర్చుకొచ్చిన విద్య అది. చెన్నైలో నమ్రతా సుందరేశన్, అనురాధా కృష్ణమూర్తి 2016లో మొదలుపెట్టిన కేజె అనే చీజ్ సంస్థలో వినికిడి లోపం ఉన్న మహిళలు పనిచేస్తారు. ఆరోవిల్‌లో లా ఫెర్మ్ అనే చీజ్ తయారీ కేంద్రం ఉంది, కొడైకెనాల్ చీజ్ ఉండనే ఉంది.

కూనూరు కథ వేరు. ఆమిర్ ఖాన్‌ని హీరోని చేసిన ‘ఖయామత్ సే ఖయామత్ తక్’ (1988) దర్శకుడు మన్సూర్ ఖాన్ గుర్తున్నాడా? మన పవన్ కల్యాణ్ ‘తమ్ముడు’కి మూలమైన ‘జో జీతా వహీ సికందర్’ (1992) కూడా ఆయనదే. ఆ మన్సూర్ ఖాన్ 2003లో ముంబై వదిలి భార్యతో కలిసి కూనూరు చేరాడు. ఏకర్స్ వైల్డ్ అనే పొలంలో ఆవుల్ని పెట్టుకుని చీజ్ చేస్తున్నారు, నేర్చుకుంటామని వచ్చినవాళ్లకి నేర్పుతున్నారు. హిట్టు సినిమాలు తీయగల మనిషి చీజ్ చక్రాలు తిప్పుకుంటూ కూర్చోవడం మన సినిమా పిచ్చి జనానికి వింతగా ఉంటుంది. నాకైతే ఈర్ష్యగా ఉంటుంది.

దక్షిణాది కాకపోయినా, ముంబైలో మౌసమ్ నారంగ్ నడిపే చీజ్ సంస్థ ఎలెఫ్తేరియా పేరు కూడా చెప్పుకోవాలి. నార్వే పద్ధతిలో వాళ్లు చేసే బ్రూనోస్ట్‌కి 2021 వరల్డ్ చీజ్ అవార్డుల్లో రజతం వచ్చింది. పాలు విరిచాక మిగిలిన నీటిని గంటల కొద్దీ మరిగిస్తే అందులోని చక్కెర మాడీ మాడకుండా గోధుమ రంగుకి తిరుగుతుంది. నోట్లో పెట్టుకోగానే అడుగంటిన పాలకోవా గీకి తిన్నట్టుంటుంది, వెనకాల చిన్న ఉప్పు. చీజ్ అంటే ముఖం చిట్లించే పెద్దవాళ్లకి ముందుగా ఇది రుచి చూపించండి.

అరిసె పక్కన, ఆవకాయ పక్కన

చీజ్ పళ్లెం అనగానే ద్రాక్ష, బిస్కట్లు, ఆలివ్‌లు అని పత్రికల్లో ఫొటోలు వేస్తారు. ఆలివ్ సీసా కోసం సూపర్ మార్కెట్‌కి పరిగెత్తనక్కర్లేదు. కొవ్వూ ఉప్పూ ఉన్నదాని పక్కన పులుపో, కారమో, తీపో ఉండాలి. ఆ మూడూ మన ఇంటి జాడీల్లో ఏడాదికి సరిపడా ఉన్నాయి.

పాతబడిన గట్టి గౌడా, చెడ్డార్‌లకి బెల్లం మంచి జోడీ. తాటిబెల్లం ముక్క పక్కన పెట్టి ఒకేసారి కొరికి చూడండి. సంక్రాంతికి ముందే అరిసెలు వండే ఇళ్లలో నువ్వుల అరిసెని నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాని మీద పలచటి చీజ్ పలక పెట్టొచ్చు. మేకపాల మెత్తటి చీజ్ మీద అల్లం పచ్చడి చుక్క. తాజా మొజరెల్లా, బురాటా లాంటి సాధు రకాలకి గుంటూరు కారం అక్కర్లేదు. మంచి టమాటా, ఉప్పు, రెండు తులసాకులు చాలు. ఆవకాయ గురించి మాత్రం జాగ్రత్త. ఆవఘాటు ముందు నాజూకైన చీజ్ ఏదీ నిలబడదు. కలారి, బాగా ముదిరిన చెడ్డార్ లాంటి మొండివే తట్టుకుంటాయి. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వండే ఇళ్లలో వాటి గుంటల్లో మెత్తటి చీజూ, కొద్దిగా తేనే నింపితే పిల్లలు పళ్లెం ఖాళీ చేసేస్తారు. నింపిన వెంటనే వడ్డించాలి, లేకపోతే మెత్తబడిపోతాయి.

కొనే ఓపిక లేకపోతే ఇంట్లో చేసేయొచ్చు. పండగ పూట విరిచిన పనీర్ కన్నా తాజా చీజ్ ఏ కొట్లోనూ దొరకదు. చిక్కటి గేదెపాలు లేదా ఫుల్ క్రీమ్ పాకెట్ పాలు తీసుకోండి. ఫుల్ క్రీమ్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతమే. అట్టపెట్టెలో నెలల తరబడి నిలవుండే యూహెచ్‌టీ పాలు ఈ పనికి వద్దు. పాలు కాగాక మంట కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, నీళ్లు కలిపిన నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ కదపాలి. పచ్చటి నీరు తేరగానే ఆపేయాలి. పులుపెక్కువైతే పనీర్ గట్టిపడి గరగరలాడుతుంది. గుడ్డలో వడకట్టి, చన్నీళ్లతో ఒకసారి కడిగి, అరగంట బరువు పెట్టండి. లీటరు చిక్కటి పాలకి సుమారు 200 గ్రాములొస్తుంది. వడకట్టిన నీటిని పారబోయొద్దు. చపాతీ పిండి తడపండి, చారులో పోయండి.

కొనేముందు

ధర చూసి గుండె జారడం సహజం. కానీ లెక్క వేసి చూడండి. కిలో గట్టి చీజ్‌కి దాదాపు 10 లీటర్ల ఆవుపాలు కావాలి. లీటరు 60 రూపాయలనుకున్నా పాలకే 600. ఆపైన మనిషి కూలి, నెలల తరబడి చల్లటి గదిలో ఉంచడానికి కరెంటు. 2025 సెప్టెంబరు 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, అదొక ఊరట. కిలో రెండొందలకి ‘చీజ్’ అమ్ముతున్నారంటే ఆ పాకెట్ తిరగేసి చదవాలి. పామాయిల్ లాంటి నూనెలతో చేసినదాన్ని ‘అనలాగ్’ అని రాసి అమ్మాలని నిబంధన. ఆ అక్షరాలు చిన్నగానే ఉంటాయి. విడిగా అమ్మే పనీర్ మీద అనుమానముంటే ముక్కని నీళ్లలో ఉడికించి, చల్లారాక రెండు చుక్కలు అయోడిన్ వేయండి. నీలం తిరిగితే పిండి కలిసినట్టే.

శాకాహారులు ఆకుపచ్చ గుర్తు చూసుకోవాలి. రెన్నెట్‌ని ఒకప్పుడు దూడ పొట్టలోంచి తీసేవారు. ఇప్పుడు ఇక్కడ ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసింది వాడుతున్నారు. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో రెజ్జానోలో మాత్రం దూడ రెన్నెట్ తప్పనిసరి. గర్భిణులు పాశ్చరైజ్ చేయని పాలతో చేసిన మెత్తటి చీజ్‌ల జోలికి వెళ్లకూడదు. లిస్టీరియా అనే బాక్టీరియా వాళ్లకి ప్రమాదం. బీపీ ఉన్నవాళ్లు ఉప్పటి రకాలు రుచికి ఒక ముక్కతో ఆపుకోవాలి.

పెద్ద పెట్టె చూసి మోజు పడకండి. భోజనానికి ముందు కాసేపు కబుర్ల మధ్య తినడానికి మనిషికి 40, 50 గ్రాములు చాలు. అరడజను రకాలు తెచ్చి కంగారు పడేకన్నా ఒక మెత్తటిది, ఒక గట్టిది, ఒక కొత్తది తెచ్చుకోండి. గట్టి రకాలని వెన్న కాగితంలో చుట్టి, దాన్ని డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. ప్లాస్టిక్‌లో బిగించి చుడితే చెమ్మ పడుతుంది. తినే అరగంట ముందు బయట పెట్టాలి, చల్లగా ఉన్నప్పుడు రుచి సగం దాక్కుంటుంది. విజయవాడ, రాజమండ్రి ఉక్కలో పావుగంట చాలు. గట్టి చీజ్ మీద బూజు కనిపిస్తే దాని చుట్టూ, లోతుకీ అంగుళం మేర కోసేసి మిగతాది వాడుకోవచ్చు. మెత్తటిదానికి బూజు పడితే మొత్తం పారేయడమే. నీలి చీజ్‌లో నీలపు చారలు, కమాంబేర్ మీద తెల్లటి పొర కావాలని పెంచినవి, వాటిని చూసి భయపడొద్దు.

ఆర్డరు పెట్టేటప్పుడు తయారీ తేదీ అడగండి. మొజరెల్లా, బురాటా వారం పది రోజుల సరుకు, తొందరగా తినేయాలి. సోమ, మంగళవారాల్లో బయల్దేరేలా చెప్పండి, శుక్రవారం పంపితే ఆదివారమంతా గోదాములో చెమటలు పడుతుంది. క్రిస్మస్‌కైతే 20వ తేదీకల్లా ఇంట్లో ఉండాలి. సంక్రాంతికి కొరియర్ కుర్రాళ్లూ ఊళ్లకి వెళ్లిపోతారు, కాబట్టి భోగికి వారం ముందే తెప్పించుకోండి.